ఇంగ్లండ్‌లో రిసెప్షన్ సీటు: దొంగ అడ్రస్ జోలికి పోకుండా దరఖాస్తు చేయడం ఎలా

ఏటా సెప్టెంబరు వచ్చేసరికి ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రిసెప్షన్ (ప్రైమరీ స్కూల్లో మొట్టమొదటి తరగతి) సీటు గురించి అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. స్కూలు పక్కన ఆర్నెల్లు ఇల్లు అద్దెకు తీసుకుంటే సరిపోతుందా? ఆ వీధిలో ఉన్న ఫ్రెండ్ అడ్రస్ రాయొచ్చా? ఫారంలో అన్ని గడుల్లోనూ ఒకే స్కూలు పేరు రాస్తే వాళ్లకు ఇవ్వక తప్పదు కదా? డొనేషన్ ఎంత కట్టాలి?

మొదటిది చాలాసార్లు బెడిసికొడుతుంది. రెండోది వచ్చిన సీటును కూడా పోగొడుతుంది. మూడోదానివల్ల నష్టమే తప్ప లాభం లేదు. నాలుగోది ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో పూర్తిగా నిషిద్ధం. ఇటీవలి సంవత్సరాల్లో ఇంగ్లండ్ మొత్తంమీద ప్రైమరీకి దరఖాస్తు చేసిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మొదటి ప్రిఫరెన్స్ స్కూలే వచ్చింది. లండన్‌లో పిల్లల సంఖ్య తగ్గి కొన్ని ప్రైమరీ స్కూళ్లు మూతపడుతున్నాయి కూడా. అంటే నియమాలు సరిగ్గా చదివి, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలామందికి దారి తెరిచే ఉంటుంది. ఆ దారి ఎలా నడవాలో ఇక్కడ చూద్దాం.

ఇది ఇంగ్లండ్‌కు మాత్రమే. స్కాట్లాండ్‌లో క్యాచ్‌మెంట్ స్కూలు (మీరుండే ప్రాంతానికి కేటాయించినది), ప్లేసింగ్ రిక్వెస్ట్ (వేరే స్కూలు కావాలనే విన్నపం) అనే వేరే పద్ధతి ఉంది. వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌ల నియమాలు కూడా వేరు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- బిడ్డ పుట్టిన తేదీ, పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా
- ఇప్పుడు ఉంటున్న ఇంటి పూర్తి అడ్రస్, పోస్ట్‌కోడ్
- కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అంటే స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్నుది (అకౌంట్ నంబరు అడుగుతారు)
- టెనెన్సీ అగ్రిమెంట్, లేదా సొంత ఇల్లయితే కొనుగోలు పూర్తయిన కాగితం
- పెద్ద బిడ్డ ఇప్పటికే ఆ స్కూల్లో ఉంటే పేరు, పుట్టిన తేదీ, తరగతి
- మీరు అనుకుంటున్న ప్రతి స్కూలు అడ్మిషన్ నియమావళి, ఏ సంవత్సరం ప్రవేశానికి అడుగుతున్నారో ఆ సంవత్సరానిదే

వీసా గురించి ఒక మాట. స్కిల్డ్ వర్కర్ డిపెండెంటుగా వచ్చిన బిడ్డకు స్టేట్ స్కూల్లో (ప్రభుత్వ నిధులతో నడిచేది) చేరే హక్కు ఉంది. వీసా మీద ఉండే 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ ఆర్థిక సాయాలు తీసుకోకూడదు) షరతు స్కూలు చదువుకు వర్తించదు. జాతీయతో ఇమిగ్రేషన్ స్థితో చూపి స్కూలు సీటు నిరాకరించకూడదు. ఈ భయంతో ప్రైవేటు స్కూలు ఫీజులు కట్టుకుంటున్నవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇది ముందే చెప్పాల్సి వచ్చింది.

1. ఏ సంవత్సరం దరఖాస్తు చేయాలో తేల్చుకోండి

సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్లంతా ఒకే బ్యాచ్. నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్‌లో చేరతారు. ఉదాహరణకు 2022 సెప్టెంబరు 1 – 2023 ఆగస్టు 31 మధ్య పుట్టిన బిడ్డ 2027 సెప్టెంబరులో చేరాలి. ఆ దరఖాస్తుకు చివరి తేదీ 2027 జనవరి 15, ఫలితం 2027 ఏప్రిల్ 16.

ఆ జనవరి 15, ఏప్రిల్ 16 తేదీలు దేశమంతటా ఒకటే. దరఖాస్తులు తెరిచే రోజు మాత్రం కౌన్సిల్‌ను బట్టి సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య ఉంటుంది.

ఏప్రిల్ 1 – ఆగస్టు 31 మధ్య పుట్టిన బిడ్డయితే ఒక ఏడాది ఆగి రిసెప్షన్‌లోనే చేర్చమని అడగొచ్చు. అయితే అది అడిగి తెచ్చుకోవాల్సిన అనుమతి, దానంతటది రాదు. అప్పుడు కూడా మామూలు గడువులోపు దరఖాస్తు వేసి, దానితోపాటే ఈ విన్నపం పెట్టండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు: బిడ్డ ఆ స్కూలు నర్సరీలోనే ఉంది కదా, సీటు దానంతటదే వస్తుందనుకోవడం. రాదు. నర్సరీ వేరు, రిసెప్షన్ వేరు. దరఖాస్తు వేయకపోతే ఆ నర్సరీ బిడ్డ కూడా గడువు దాటినవాళ్ల వరసలోకే వెళ్తుంది.

2. మీ కౌన్సిల్‌కే దరఖాస్తు చేయండి

స్కూలు పక్క బరోలో (లండన్‌లో ఒక్కో కౌన్సిల్ ప్రాంతం) ఉన్నా సరే, ఫారం మాత్రం మీరు ఉంటున్న ప్రాంతపు కౌన్సిల్ ద్వారానే వెళ్లాలి. మీరు హౌన్‌స్లోలో ఉండి ఈలింగ్ స్కూలు కావాలనుకుంటే హౌన్‌స్లో ఫారంలోనే ఈలింగ్ స్కూలు పేరు రాస్తారు. రెండు కౌన్సిళ్లు మాట్లాడుకుంటాయి. ఒక బిడ్డకు ఒకే దరఖాస్తు. భర్త ఒక అడ్రస్ నుంచి, భార్య మరో అడ్రస్ నుంచి వేస్తే రెండూ ఆగిపోయి విచారణలో పడతాయి.

లండన్‌లో 6 స్కూళ్ల దాకా రాయొచ్చు. మిగతాచోట్ల కనీసం 3 రాయనిస్తారు, కొన్ని కౌన్సిళ్లు ఇంకా ఎక్కువ ఇస్తాయి.

3. సీట్లు ఏ వరసలో పంచుతారో చదవండి

ఆఫ్‌స్టెడ్ (స్కూళ్లను తనిఖీ చేసే సంస్థ) రిపోర్టు చదివినంత శ్రద్ధగా ఈ నియమావళి చదివేవాళ్లు తక్కువ. చదవాల్సింది మాత్రం ముందు దీన్నే. ప్రతి స్కూలుకూ 'పబ్లిష్డ్ అడ్మిషన్ నంబర్' అని ఒకటి ఉంటుంది: 30, 60, 90 ఇలా. అంతకంటే ఎక్కువమంది అడిగితే వరస ప్రకారం నింపుతారు. ఆ వరస సాధారణంగా ఇలా ఉంటుంది:

- ఈహెచ్‌సీ ప్లాన్‌లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ ఇచ్చే పత్రం) ఆ స్కూలు పేరు ఉన్న పిల్లలు (వీళ్లకు తప్పకుండా ఇవ్వాలి)
- కౌన్సిల్ సంరక్షణలో ఉన్న, ఇదివరకు ఉన్న పిల్లలు
- ప్రత్యేక వైద్య, సామాజిక కారణాలున్నవాళ్లు (అన్ని స్కూళ్లలో ఉండదు)
- అన్నో అక్కో అక్కడ చదువుతున్నవాళ్లు
- క్యాచ్‌మెంట్‌లో ఉన్నవాళ్లు, తర్వాత దూరాన్ని బట్టి మిగిలినవాళ్లు

మత సంస్థల స్కూళ్లలో మధ్యలో మత నియమం వస్తుంది. కొన్ని స్కూళ్లు సిబ్బంది పిల్లలకూ ముందువరస ఇస్తాయి. కాబట్టి పక్క స్కూలు నియమం చూసి ఈ స్కూలుదీ అదేననుకోవద్దు.

ఒక లెక్క వేసి చూద్దాం. స్కూలు నంబరు 30. ఈహెచ్‌సీ ప్లాన్ 1, సంరక్షణలో ఉన్న బిడ్డ 1, తోబుట్టువులు 14 అనుకోండి. దూరం మీద దొరికేవి 14 సీట్లే. పద్నాలుగో బిడ్డ ఇల్లు 0.41 మైలు దూరంలో ఉంటే ఆ ఏడాది కటాఫ్ 0.41. ఇప్పుడు రెండు మైళ్ల అవతల ఉన్న ఒకరు 0.2 మైలులో ఉన్న స్నేహితుడి అడ్రస్ ఇచ్చారనుకోండి. ఆ సీటు పోయేది కౌన్సిల్‌కు కాదు, 0.41 మైలులో ఉన్న ఆ పద్నాలుగో బిడ్డకు. నడిచి వెళ్లగల స్కూలు పోయి, ఆ బిడ్డ రెండు బస్సులు మారి వెళ్లే స్కూల్లో పడొచ్చు. ఆ కుటుంబం కూడా మనలాగే అద్దెకుంటున్న, కొత్తగా వచ్చిన కుటుంబం కావచ్చు. దొంగ అడ్రస్ వల్ల ఎవరికీ నష్టం లేదనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఆఫ్‌స్టెడ్ ముద్రల గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు నుంచి స్టేట్ స్కూళ్లకు మొత్తంగా ఒకే మాటతో గ్రేడ్ ఇవ్వడం ఆపేశారు. 2012 నుంచి 2020 దాకా 'అవుట్‌స్టాండింగ్' స్కూళ్లకు మామూలు తనిఖీలు లేవు, అందుకే గేటు మీద కట్టిన ఆ బ్యానర్ చాలా పాతది కావచ్చు. పాత మాట కోసం ఇల్లు మారే ముందు స్కూలుకు స్వయంగా వెళ్లి చూడండి. అక్టోబరు, నవంబరుల్లో ఓపెన్ డేలు పెడతారు.

4. దూరాన్ని వాళ్లు కొలిచినట్టే కొలవండి

చాలా కౌన్సిళ్లు ఇంటి పాయింట్ నుంచి స్కూలు పాయింట్ దాకా సరళరేఖలో కొలుస్తాయి. కొన్ని నడిచే దారిని కొలుస్తాయి. స్కూలు పాయింట్ మెయిన్ గేటా, భవనం మధ్యభాగమా అన్నది కూడా నియమావళిలో రాసి ఉంటుంది. మొదట కౌన్సిల్ వెబ్‌సైట్‌లో దూరం చూపే సాధనం ఉందేమో వెతకండి, దాని లెక్కే ముఖ్యం. లేకపోతే గూగుల్ మ్యాప్స్‌లో 'మెజర్ డిస్టెన్స్' వాడి సరళరేఖ గీయండి. అందులో 'డైరెక్షన్స్' చూపే దూరం నడకదారి, దాన్ని సరళరేఖ కటాఫ్‌తో పోలిస్తే లెక్క తప్పుతుంది. యూనిట్లు కూడా చూసుకోండి: ఒక స్కూలు మైళ్లలో, ఇంకొకటి మీటర్లలో ఇస్తుంది. అర మైలు అంటే సుమారు 805 మీటర్లు.

తర్వాత గత మూడేళ్ల కటాఫ్ దూరాలు కౌన్సిల్ పుస్తకంలో చూడండి (ఈ పుస్తకాన్ని ఏటా సెప్టెంబరు 12లోపు ప్రచురించాలి). మూడింటిలో అతి తక్కువది తీసుకోండి. మీ దూరం అందులో నాలుగింట మూడొంతుల లోపు ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. సరిగ్గా కటాఫ్ అంచున ఉంటే దాన్ని నమ్ముకోవద్దు, ఎందుకంటే ఒక్క ఏడాది తోబుట్టువులు నలుగురు ఎక్కువొస్తే ఆ గీత ముడుచుకుపోతుంది.

ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఒకటి గమనించండి. ఒకే బ్లాకులో అందరి దూరం సమానమైతే చివరి సీటు ఎవరికో చాలాచోట్ల లాటరీ తీసి తేలుస్తారు. ఆ పని అడ్మిషన్లతో సంబంధం లేని వ్యక్తి పర్యవేక్షణలో జరగాలి.

5. అడ్రస్: ఎక్కువమంది జారిపడేది ఇక్కడే

రాయాల్సిన అడ్రస్ ఒకటే: చివరి తేదీ నాటికి మీ బిడ్డ మామూలుగా రాత్రిళ్లు పడుకుని, పొద్దున్నే లేచి బయల్దేరే ఇల్లు. బిడ్డను చూసుకునే చైల్డ్‌మైండర్ ఇల్లు కాదు, బాబాయి ఇల్లు కాదు, కొనాలని చూస్తున్న ఇల్లు కాదు. ఇక ఒక్కో పరిస్థితి చూద్దాం.

*స్కూలు దగ్గర ఇల్లు అద్దెకు తీసుకోవడం.* కుటుంబమంతా నిజంగా మారి, పాత ఇల్లు వదిలేస్తే ఇందులో తప్పేమీ లేదు. ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కు అందరికీ ఉంది. చిక్కు వచ్చేది సొంత ఇల్లు దగ్గరలోనే పెట్టుకుని, స్కూలు పక్కన చిన్న ఫ్లాట్ తీసుకున్నప్పుడు. చాలా కౌన్సిళ్లు అప్పుడు సొంత ఇంటినే అసలు అడ్రస్‌గా తీసుకుంటాయి. దాన్ని అద్దెకు ఇచ్చామన్నా కొన్నిచోట్ల ఒప్పుకోరు. అగ్రిమెంట్ కనీసం ఇన్ని నెలలుండాలనే నియమమూ కొన్నిచోట్ల ఉంది. ఇల్లు తీసుకునే ముందే ఆ కౌన్సిల్ నియమావళిలో 'టెంపరరీ అడ్రస్' గురించి రాసిన పేరా చదవండి. అడ్వాన్సు కట్టాక చదివితే ఆ డబ్బూ పోతుంది.

*ఇంకో కుటుంబంతో ఇల్లు పంచుకుని ఉండటం.* మనవాళ్లలో ఇది మామూలే. ఒక గదో రెండు గదులో తీసుకుంటారు, కౌన్సిల్ ట్యాక్స్ అద్దెలోనే కలిసి ఉంటుంది, బిల్లు అసలు అద్దెదారు పేరు మీద వస్తుంది. ఇది నిజమైన అడ్రసే, భయపడాల్సిన పని లేదు. కానీ కౌన్సిల్ కంప్యూటర్‌లో మీ పేరు కనిపించదు కాబట్టి ప్రశ్న వస్తుంది. అడిగేదాకా ఆగకుండా ఇవి సిద్ధం చేయండి: మీ పేరుతో రాసిన అగ్రిమెంటు, అద్దె కట్టినట్టు కనిపించే మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిడ్డ పేరుతో జీపీ సర్జరీ (ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్) నుంచి వచ్చిన ఉత్తరం, ఈ అడ్రస్ ఉన్న జీతం స్లిప్పు. చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) ఉత్తరం అడిగితే, వీసా షరతు వల్ల అది మాకు రాదని ఒక్క వాక్యం రాసి మిగతావి జత చేయండి.

*పేర్లు కలవకపోవడం.* తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, బిడ్డ పాస్‌పోర్టులో తండ్రి పేరే సర్‌నేమ్, కౌన్సిల్ ట్యాక్స్‌లో తల్లి పేరు. ఇంగ్లిష్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఇది మూడు వేర్వేరు కుటుంబాల్లా కనిపిస్తుంది. ఫారంలో వ్యాఖ్యల గడి ఉంటే తల్లిదండ్రుల పూర్తి పేర్లు, బిడ్డ పేరు రాసి, పేర్లు ఇలా ఎందుకు ఉన్నాయో రెండు వాక్యాల్లో చెప్పండి.

*విడివిడిగా ఉంటున్న తల్లిదండ్రులు.* స్కూలు ఉన్న రోజుల్లో బిడ్డ ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటే ఆ అడ్రస్. సగం సగం అయితే కౌన్సిల్ నియమం చూసి, ఇద్దరూ మాట్లాడుకుని ఒకే ఫారం వేయండి. సీటు కోసం కాగితాల మీద విడిపోయామని రాసేవాళ్లు పన్ను రికార్డుల దగ్గరే దొరుకుతారు. ఒకరే ఉంటున్నట్టు కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గింపు తీసుకుంటూ స్కూలు ఫారంలో ఇద్దరమూ ఇక్కడే అన్నా అంతే.

*దరఖాస్తు చేశాక ఇల్లు మారడం.* వెంటనే చెప్పండి. ప్రతి కౌన్సిల్‌కు ఒక ఆఖరి తేదీ ఉంటుంది, దానిలోపు సంతకాలైన అగ్రిమెంటో, కొనుగోలైతే 'ఎక్స్‌ఛేంజ్ ఆఫ్ కాంట్రాక్ట్స్' (కొనుగోలు ఒప్పందం ఖాయమైన) కాగితమో చూపితే కొత్త అడ్రస్ లెక్కలోకి వస్తుంది. దూరంగా మారిపోయి చెప్పకుండా ఉండటం కూడా తప్పుదారి పట్టించడమే.

కౌన్సిల్ ఎలా పట్టుకుంటుంది? కౌన్సిల్ ట్యాక్స్ రికార్డు, ఓటర్ల జాబితా, పెద్ద బిడ్డ స్కూల్లో ఉన్న పాత అడ్రస్, నర్సరీ రికార్డు, అన్నీ పక్కపక్కన పెడితే చాలు. కొన్నిచోట్ల ఇంటికీ వస్తారు. రహస్యంగా వెంటపడతారన్న కథ 2008లో పూల్ కౌన్సిల్ చేసిన పనినుంచి వచ్చింది. ఒక కుటుంబంమీద అలా నిఘా పెట్టడం తప్పని 2010లో ట్రిబ్యునల్ తేల్చింది. జైలు కథలూ అంతే: 2009లో హారో కౌన్సిల్ ఒక తల్లిమీద ఫ్రాడ్ యాక్ట్ (మోసాల చట్టం) కింద పెట్టిన కేసును తనే వెనక్కి తీసుకుంది. జరిగే శిక్ష వేరు. సీటు వెనక్కి తీసుకుంటారు. బిడ్డ చేరాక కూడా తీసుకోవచ్చు. బిడ్డ ఎంతకాలం అక్కడ చదివిందో చూడాలని అడ్మిషన్స్ కోడ్ (ఇంగ్లండ్ మొత్తానికి ఉన్న ప్రవేశాల నియమావళి) చెబుతుంది, ఒక టర్మ్ కూడా కాలేదంటే తీసేయడం సబబు కావచ్చని ఉదాహరణగా ఇస్తుంది. యూనిఫాం వేసుకుని, టీచరు పేరు నేర్చుకుని, ఒక స్నేహితురాలిని చేసుకున్న నాలుగేళ్ల బిడ్డను నవంబరులో బయటికి తేవాలి. అసలు అడ్రస్‌తో మళ్లీ వరసలో పెట్టేసరికి ఇంటి పక్క స్కూళ్లు నిండిపోయి ఉంటాయి.

*ఎలా సరిచూసుకోవాలి:* ఫలానా మంగళవారం రాత్రి ముందు చెప్పకుండా కౌన్సిల్ మనిషి తలుపు తడితే, మీ బిడ్డ ఆ ఇంట్లో ఉంటుందా? ఉంటుందని చెప్పగలిగితే ఆ అడ్రస్ రాయండి.

6. స్కూళ్ల పేర్లు మీకు నిజంగా ఇష్టమైన వరసలో రాయండి

మొదట రాసినవాళ్లకే ముందు ఇస్తారన్నది అపోహ. మీరు ఎన్నో స్థానంలో రాశారో చూసి స్కూలు సీటు ఇవ్వకూడదు, ఇవ్వదు కూడా. ప్రతి స్కూలూ తన నియమం ప్రకారం అందరినీ వరసలో పెడుతుంది. ఒకటికి మించి స్కూళ్లలో మీకు సీటు వచ్చేలా ఉంటే, వాటిలో మీరు పైన రాసినదాన్ని కౌన్సిల్ మీకిచ్చి మిగతావి వేరేవాళ్లకు వదులుతుంది. అందువల్ల దూరంగా ఉన్న ఇష్టమైన స్కూలును మొదట రాయడం వల్ల రెండోదాంట్లో అవకాశం తగ్గదు.

ఒకే స్కూలు పేరు మూడుసార్లు రాస్తే ఒక్కసారి రాసినట్టే లెక్క. ఒక్క పేరే రాసి వదిలేసినా అంతే. అది రాకపోతే, అందరికీ ఇచ్చాక ఎక్కడ ఖాళీ మిగిలిందో అక్కడ పడేస్తారు, అది మూడు మైళ్ల అవతలైనా కావచ్చు. కాబట్టి అన్ని గడులూ నింపండి, కనీసం ఒక గడిలో మీ దూరానికి గత మూడేళ్లూ తేలిగ్గా సీటొచ్చిన స్కూలు ఉండాలి. దాన్ని కింద రాయండి, కానీ రాయండి.

7. అదనపు కాగితాలు

మత స్కూళ్లకు కౌన్సిల్ ఫారం చాలదు. స్కూలు తన సొంత 'సప్లిమెంటరీ ఇన్ఫర్మేషన్ ఫారం' అడుగుతుంది, దాన్ని నేరుగా స్కూలుకే పంపాలి. కౌన్సిల్ ఫారం ఉంటే ఇది లేదు, ఇది ఉంటే అది లేదు, ఈ రెండు తప్పులూ సమానంగా జరుగుతాయి. క్యాథలిక్ స్కూల్లో మత నియమం కింద ముందువరస కోరితే బాప్తిస్మ సర్టిఫికెట్ కావాలి. బిడ్డ బాప్తిస్మం గుంటూరులోనో వరంగల్‌లోనో జరిగి ఉంటే అక్కడి చర్చి ఫాదర్ ద్వారా రిజిస్టరు నకలు తెప్పించుకోవడానికి టైం పడుతుంది, అక్టోబరులోనే మొదలుపెట్టండి. హారోలో 2008లో మొదలైన కృష్ణ అవంతి లాంటి హిందూ స్కూళ్లు కూడా తమ ఫారం అడుగుతాయి. సీటు కోసం నాలుగు ఆదివారాలు చర్చిలో కూర్చుని సంతకం అడిగితే ఫాదర్ రాసేది ఆ నాలుగు ఆదివారాలే. ఎంతకాలం హాజరు కావాలో నియమావళిలో ఉంటుంది.

వైద్య కారణం చూపేవాళ్లు 'బిడ్డకు ఆస్తమా ఉంది' అనే ఉత్తరం పెట్టి ఊరుకుంటారు. అది చాలదు. ఈ స్కూలే ఎందుకు, వేరే స్కూలైతే ఏ ఇబ్బంది అని డాక్టరో సోషల్ వర్కరో రాయాలి.

తల్లిదండ్రులనుగానీ బిడ్డనుగానీ స్టేట్ ప్రైమరీ స్కూలు ఇంటర్వ్యూ చేయకూడదు. మీ ఉద్యోగం, జీతం, పెళ్లి వివరాలు అడగకూడదు. సీటుకు ముడిపెట్టి డబ్బు అడగకూడదు. ఎవరైనా మధ్యవర్తి 'స్కూల్లో మనిషి ఉన్నాడు' అంటే అతను మీ డబ్బు తీసుకుంటాడు, సీటు మాత్రం ఇప్పించలేడు.

8. సబ్మిట్ చేసి, చేసినట్టు రుజువు ఉంచుకోండి

'సేవ్' వేరు, 'సబ్మిట్' వేరు. నొక్కాక ఈమెయిల్‌లో రిఫరెన్స్ నంబరు రాకపోతే దరఖాస్తు చేరనట్టే. ఆ నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత ఏదైనా మార్చితే మళ్లీ సబ్మిట్ చేయాలి. తోబుట్టువు గడిలో టిక్ పెట్టడం మరచిపోతే ఎవరూ గుర్తుచేయరు. క్రిస్మస్ సెలవులకు ముందే పూర్తిచేయండి. జనవరి 15 దాటిన దరఖాస్తులను చాలావరకు గడువులో వచ్చినవాటి తర్వాతే చూస్తారు.

9. ఏప్రిల్ 16 తర్వాత

వచ్చిన స్కూలు నచ్చకపోయినా ముందు ఒప్పుకోండి, సాధారణంగా రెండు వారాల్లో. ఒప్పుకుంటే వెయిటింగ్ లిస్టులో స్థానం తగ్గదు, అప్పీలూ బలహీనపడదు. వద్దంటే మాత్రం చేతిలో ఏమీ ఉండదు.

వెయిటింగ్ లిస్టును కనీసం డిసెంబరు 31 దాకా ఉంచాలి. అక్కడ ముందు చేరినవాళ్లకు ముందు అన్న లెక్క లేదు. కొత్త పేరు చేరిన ప్రతిసారీ అదే నియమావళితో మళ్లీ వరస పెడతారు. అందుకే ఇవాళ మూడో స్థానంలో ఉండి వచ్చేవారం ఐదుకు జారొచ్చు. అందులో మోసమేమీ లేదు, మీకంటే దగ్గరలోకి ఎవరో మారారు.

అప్పీలుకు కనీసం 20 స్కూలు రోజుల గడువు ఇస్తారు. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 తరగతుల్లో ఒక టీచరుకు 30 మందికి మించకూడదన్నది చట్టం, కాబట్టి ఈ అప్పీళ్లు గెలవడం కష్టం. నిలబడే కారణాలు కొన్నే: నియమాన్ని తప్పుగా అమలు చేశారు, నియమమే చట్టవిరుద్ధం, నిర్ణయం ఏ కోశానా సమంజసం కాదు, లేదా ఇంకో బిడ్డను చేర్చుకున్నా 30 దాటదు. మీ దూరం ఏ పాయింట్ నుంచి ఏ పాయింట్‌కు ఎంత కొలిచారో రాతపూర్వకంగా అడగండి. అంకె తప్పుంటే అదే మీ అప్పీలు. 'ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇది దగ్గర' అన్న కారణం ఇక్కడ సాధారణంగా నిలబడదు.

వచ్చిన స్కూలు రెండు మైళ్లు దాటి ఉండి, అంతకంటే దగ్గరలో సీటు దొరికే తగిన స్కూలు లేకపోతే, ఎనిమిదేళ్లలోపు బిడ్డకు ఉచిత రవాణా హక్కు ఉంది. అడగండి.

వేరేవాళ్లు దొంగ అడ్రస్ ఇచ్చారని అనుమానం వస్తే

ముందు మీకు తెలిసిందేమిటో, వినికిడి ఏమిటో వేరుచేయండి. అద్దె ఇల్లు, చిన్న ఫ్లాట్, తాతయ్య కారులో దింపడం, ఇవేవీ మోసానికి రుజువులు కావు. విడిపోయిన కుటుంబం కావచ్చు, ఇల్లు పోగొట్టుకుని తాత్కాలికంగా ఉంటున్న కుటుంబం కావచ్చు. నిజంగా ఆధారం ఉంటే కౌన్సిల్ అడ్మిషన్స్ విభాగానికి చెప్పండి, చాలాచోట్ల పేరు లేకుండా కూడా చెప్పొచ్చు. విచారణ ఫలితం మీకు చెప్పరు. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి రాయొద్దు, దానివల్ల నలిగేది ఆ నాలుగేళ్ల బిడ్డ.

మనిషి కాదు, నియమమే అన్యాయంగా ఉందనిపిస్తే దానికీ దారి ఉంది. మరుసటి ప్రవేశ సంవత్సరపు నియమావళిని స్కూళ్లు ఫిబ్రవరి 28లోపు ఖరారు చేసి మార్చి 15లోపు ప్రచురించాలి. మే 15లోపు స్కూల్స్ అడ్జుడికేటర్‌కు (ఇలాంటి అభ్యంతరాలు తేల్చే అధికారి) అభ్యంతరం పంపొచ్చు. అద్దెవాళ్లను చిన్నచూపు చూసే నియమాలమీద, అర్థంకాని కొలతలమీద అభ్యంతరం పెట్టడానికి సరైన చోటు అదే.

సంవత్సరం మధ్యలో ఇండియా నుంచి వచ్చేవాళ్లకు

హైదరాబాద్‌లో ఉండగానే ఇక్కడి స్నేహితుడి అడ్రస్‌తో దరఖాస్తు వేయొద్దు. చాలా కౌన్సిళ్లు బిడ్డ ఇక్కడికి వచ్చి ఉంటేనే ఇక్కడి అడ్రస్‌ను లెక్కలోకి తీసుకుంటాయి. వచ్చి, అగ్రిమెంటు చేతికి అందిన రోజే 'ఇన్-ఇయర్' దరఖాస్తు వేయండి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆ చుట్టుపక్కల ఏ స్కూల్లో మీ బిడ్డ తరగతిలో ఖాళీ ఉందో కౌన్సిల్‌కు ఫోన్ చేసి అడగండి, చెబుతారు. దరఖాస్తు అందాక 10 స్కూలు రోజుల్లో జవాబివ్వడానికి ప్రయత్నించాలి, 15 స్కూలు రోజుల్లో తప్పక రాతపూర్వకంగా ఇవ్వాలి. రాకపోతే రిఫరెన్స్ నంబరు, దరఖాస్తు చేరిన తేదీ రాసి ఈమెయిల్ పంపండి. కాదన్నారంటే అప్పీలు హక్కు గురించి ఆ ఉత్తరంలోనే ఉండాలి, లేకపోతే అదీ అడగండి.